శుక్రవారం టికెట్టు

ఫీనిక్స్ బే రేవులో బోటు టికెట్ల క్యూలో నిలబడలేక నిలబడిన ఎరుకమ్మను ఆ బోట్లు నడిపే సరంగు లక్ష్ముడు పలకరించాడు.

"శుక్రవారం టికెట్టు మార్చేస్తన్నావేటి?"

"తమ్ముడు ఆ బోటెక్కొద్దన్నాడు భయ్యా. నువ్వూ డ్యూటీకెళ్లకు."

"ఎందుకంట?"

"చెప్పడు. రెండు నెలల్నుంచి తలుపేసుకుని ఫోన్లో ఎవరెవరి మాటలో వింటన్నాడు. అందరికీ బుద్ధి చెప్తానంటన్నాడు. నిన్న వలలన్నీ పక్కింటోళ్లకి ఇచ్చేసినాడు."

"బతికున్నోడు వలలిచ్చేసినాడా? మనోళ్లలో పోయినోడి వలలే కదా ఇచ్చేస్తారు!"

ఆ సంగతి ఎరుకమ్మకూ తెలుసు. తెలిసే నిన్నంతా నోరు మూసుకుంది.

"పోలీసులకి చెప్తే ఆణ్ణి పట్టుకుపోతారు."

"ఇంకా ఏమీ చెయ్యలేదు కదా, ఇప్పుడైతే ఆపుతారు. నువ్వు టికెట్టు మార్చుకుంటావు, మరి మిగతా రెండొందల మందో?"

"నాకొక్కదానికే చెప్పినాడు."

"ఆపమనే చెప్పినాడేమో."

ఎరుకమ్మ క్యూ వదిలేసింది.

"ఠాణాకి పద భయ్యా. చేపల పులుసు పెట్టొచ్చినాను, తింటన్నాడు. ఇంట్లోనే ఉంటాడు."