మాటలు వెనక్కి తీసుకున్న రైటరమ్మ

ఏంటే ఫోన్లో, మన పాత సీరియలా? ఉండుండు, ఆ పేర్లు పడేచోట ఆపు. అయ్యో, పోయింది. ఎప్పుడూ అంతే, రచన అని పడి, కింద పేరు చదివేలోపే పోతుంది. సెట్లో మాత్రం ఎవరు పేరు పెట్టి పిలిచారనీ, అందరికీ రైటరమ్మే. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అందులో తాతగారి వేషం వేసే మీ తాతయ్యని బాబాయ్ అనేది. మొదట్లో టైపిస్టు. ఆ టీవీ ఆఫీసులో మెట్ల కింద గది, గదంటే గదీ కాదు, ఒక బల్లా ఒక మిషనూ. రాసేవాళ్ళు గిలికిచ్చింది శుభ్రంగా కొట్టిచ్చేది. ఒకరోజు రాసే ఆయన అలిగి వెళ్ళిపోయాడు. లైట్లు పెట్టేశారు, మేకప్పులైపోయాయి, కాగితం లేదు. ఈవిడ కూర్చుని టకటకా తనే కొట్టిచ్చేసింది. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. మీ తాతయ్య ఒక్కరే, "ఇవాళ మాటలు వాటంతటవే వస్తున్నాయి, ఎవరమ్మా రాసింది?" అని వెతుక్కుంటూ మెట్ల కిందకి వెళ్ళారు.

ఇక అక్కణ్ణుంచి రోజూ ఆవిడే. పొద్దున రాయడం, మధ్యాహ్నం తీయడం. బట్టలుతుకుతూ అత్త గొంతుతో ఒకటి, కోడలి గొంతుతో ఒకటి అనుకునేదిట. పక్క వాటా ఆవిడ హడలిపోయి, "ఒంటరిగా ఉండే పిల్లవి, లోపల ఎవరే నీతో పోట్లాడేది?" అని తలుపు కొట్టింది. ఈవిడ సబ్బు చేతుల్తోనే తలుపు తీసి, "మీరే చెప్పండి అక్కయ్యగారూ, తప్పు అత్తదా, కోడలిదా?" అందట. అదీ మనిషి!

ఏం చెప్తున్నా... ఆ, తాతయ్య. గడ్డం గీసుకుంటూ పక్షవాతంతో పడిపోయారు. ప్రాణం దక్కింది, చెయ్యి కూడా కాస్త స్వాధీనంలోకి వచ్చింది. మాట పోయింది. అన్నీ తెలుస్తాయి, నోరు తెరిస్తే వట్టి గాలి. నటుడికి మాట పోతే ఇంకేముందే? గోడవైపు తిరిగి పడుకునేవారు. అక్కడ ప్రొడ్యూసరేమో, "ముసలాయన పోయినట్టు రాసెయ్యండమ్మా, జనం ఏడుస్తూ చూస్తారు" అన్నాడు. "ఆయన మంచం మీద పడుకుని తన చావు తనే చూడాలా? నేను రాయను" అంది. "మీరు కాకపోతే ఇంకొకరు." "రాయించుకోండి" అని సంచీ భుజాన వేసుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. మంచం పక్కన కూర్చుని, "బాబాయ్, ఇన్నాళ్ళూ మీకు మాటలిచ్చింది నేనేగా? ఇప్పుడు నేనే వెనక్కి తీసుకున్నాననుకోండి. మీరొచ్చి కూర్చుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా" అంది. ఆయన మెల్లిగా ఇటు తిరిగారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాననుకో.

వేరేవాళ్ళు రాస్తే, తాతగారి చావు దాకా రాకముందే, సీరియల్లో ఆ ఇంటి మనుషులు ఆ ఇంటివాళ్ళలా మాట్లాడలేదే, అదీ జరిగింది. ప్రొడ్యూసరే దిగొచ్చి పిలుచుకున్నాడు. అంతే, సీరియల్లో తాతగారికీ మాట పడిపోయింది. కోడలు పేపరు చదివి వినిపిస్తూ కావాలని తప్పు చదవాలి, ఈయన కర్రతో నేలమీద టక్కున కొట్టాలి. మొదటిసారి కొట్టగానే ఆ అమ్మాయికి నిజంగానే నవ్వాగలేదు. దాన్నే ఉంచేశారు. బజారుకెళ్తే జనం ఆయన చెయ్యి పట్టుకుని, "మా నాన్నకీ ఇంతేనండీ. ఆయనతో ఎలా మాట్లాడాలో ఇప్పుడు తెలిసింది" అనేవాళ్ళు.

ఆవిడకేమైందనా? ఒంట్లో బాలేదని చెప్తేగా ఎవరికైనా. ఆస్పత్రి మంచం మీంచే రాసి పంపేది. నర్సుని కూర్చోబెట్టి, "ఈ మాట ఎక్కువైందా?" అని అడిగేదట. నేను చూడ్డానికెళ్తే, "పిన్నీ, బాబాయ్‌కి గడ్డం సరిగ్గా గీయట్లేదు, టీవీలో కనబడుతోంది" అని నాకే చీవాట్లు.

ఆవిడ పోయిన రోజు షూటింగు ఆపేద్దామన్నారు. ఈయన వింటేగా? చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ పంపినవాటిలో ఒక్క సీను మిగిలుంది. కోడలు ఊరునుంచి వస్తుంది, ముసలాయన కిటికీ దగ్గర ఎదురుచూస్తుంటాడు, ఆమె గేటు తీయగానే నవ్వుతాడు. అంతే. నేను లైట్ల వెనక నిలబడ్డా. ఆ అమ్మాయి గేటు తీస్తూనే ఏడ్చేసింది పాపం, మొహం అటు తిప్పేసుకుంది. ఈయన మాత్రం నవ్వారే. నిండుగా నవ్వారు. ఆవిడ రాసింది అదేగా...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు. చెప్పు, ఏం తింటావ్?