హనీఫా రాసిన మొదటి లైను

1999 ఎండాకాలం, చౌటుప్పల్ నేత సంఘం ఆఫీసు. చీర బొమ్మను రంగు వేసే ముందు నూలుకు ముడులు ఎక్కడ కట్టాలో చూపే పటంగా మార్చే ప్రోగ్రాం రాసిన హనీఫా కంప్యూటర్ ముందు కూర్చుంది. సంఘం కార్యదర్శి దశరథ పక్కన నిలబడ్డాడు.

"అంటె తప్పు చీర నేసిన సాలమ్మది కాదంటవు."

"కాదు కాకా. పటం ఎట్లున్నదో ముడులు గట్లనే కట్టింది. పటమే తప్పు వచ్చింది. హంస మెడ ఒక దిక్కు, ఒళ్లు ఒక దిక్కు."

"మొన్నటిదాంక మంచిగనే వచ్చింది గద."

"ఒక్క పెర్లే ఉన్నప్పుడు మంచిగనే వచ్చింది."

"నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"నేను రాసింది మిషిన్‌కు సీదా అర్థం కాదు. చదివి చెప్పే దుబాసీ కావాలె. గా దుబాసీ పేరే పెర్ల్. అది యాడుంటదో నా రాతల మొదటి లైన్ల చెప్పాలె. ముందుగాల నేను ఖాయంగనే రాసిన, లినక్స్‌తోని వచ్చిన పెర్ల్ ఉండే జాగ, యూఎస్సార్ బిన్ అని."

"మరి?"

"మూడు సంఘాలకు ఒక్కటే ప్యాకేజీ పోవాలె, యాడ ఏ పెర్ల్ ఉంటె గదే దొరకవట్టుకునేటట్టు రాయమన్నరు మీరు."

"నేనా... అన్ననేమో. సులువైతదని అన్న."

"గందుకే ఎన్వ్ అని మార్చిన. ముందుగాల ఏది కనబడితె దాన్నే పిలువుమని. మొన్న మీ గుమాస్త పరమేశ్వర్ బిల్లుల కోసం ఇంకో పాత పెర్ల్ ఎక్కిచ్చిండు. గదే ముందుగాల కనబడ్డది."

"తప్పైతె మిషిన్ చెప్పొద్దా?"

"చెప్పలె. తనకు తెల్సిన కాడికి చదివి పటం గీసిచ్చింది. మన ఇంట్ల రాసుకున్న దానికి ఎన్వ్ నడుస్తది కాకా. పదిమందికి పంపేదానికి తొవ్వ ఖాయంగుండాలె. ఇప్పుడు దిద్దిన. ఇగో, కొత్త పటం."

"మంచిది. మంచిది. ఇగ నువ్వు పో బిడ్డా, బస్సు పోతది."

"సాలమ్మకు ఎవరు చెప్తరు?"

"చెప్త తియ్యి."

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న గద."

"ఆమెను ఏమన్న అన్నరా మీరు?"

"ఏమంట... మీటింగుల, నలుగురి ముంగట... కండ్లు మసకలైనయి, ఇగ నీతోని కాదు అన్న."

"ఆమె ఏమన్నది?"

"చీర అంచు కండ్లకు దగ్గర వెట్టుకొని చూసుకున్నది. చాన సేపు చూసుకున్నది."

"నడువుండ్రి కాకా. ఆమె కండ్లు కాదు, నా రాత తప్పని నేనే చెప్త. గీ పటం చేతికిస్త, మల్ల కడ్తది."

"వద్దు."

"మీకు నామోషీ అయితె బయటనే నిలవడుండ్రి."

"నామోషీ కాదు. పొద్దుగాల పోయిన నేను. మల్లొకసారి కట్టి చూడు అందామని పోయిన."

"పోయిన్రా? మంచిగ మాట్లాడిందా?"

"మంచిగనే మాట్లాడింది. కూసోమన్నది. చాయ్ పెట్టింది. పొయ్యిల మండుతున్నయి మగ్గం కట్టెలే బిడ్డా."