పిడి తీసింది నేనే

నేను బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మకు అత్తగారిని. వయసు అరవై రెండు. వృత్తి దర్జీ పని. మా ముందుగదిలోనే మిషను. ఇన్‌స్పెక్టరుగారు అడగ్గా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. ముందు ఇది రాయండి: ఇనుప సామాన్ల కొట్లో ఇత్తడి తలుపు పిడి తీసింది నేను. నా కోడలు కాదు. తనే తీశానని ఆమె చెప్పింది అబద్ధం.

కోడలికి దొంగతనం అలవాటున్న మాట నిజమే. ఉండేది. మా ఇంట్లో తలుపులకన్నా ఆమె పెట్టెలో పిడులు ఎక్కువ. జీతం ఉంది, అడిగితే కొనిపెట్టే మొగుడున్నాడు. కడుపు నిండినవాళ్ల తిక్క అనుకుని మొదట్లో నోటికొచ్చినట్టు తిట్టాను. కిందటేడు పట్టుబడితే మేజిస్ట్రేటుగారు వైద్యం చేయించుకోమని వదిలేశారు. మళ్లీ తీస్తే జైలేనన్నారు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఇది ఆశ కాదు పెద్దమ్మా, జబ్బు. తీసేదాకా ఊపిరాడదు, తీశాక కాసేపు హాయి, ఆ తర్వాత చచ్చేంత సిగ్గు. మీరు తిట్టారనుకోండి, ఆ సిగ్గు ఇంకా పెరిగి మళ్లీ చెయ్యి పోతుంది." ఆ రోజు నుంచి తిట్టడం మానేశాను. నాకూ కష్టంగానే ఉంది.

మాత్రలతో పాటు ఒక సాధన కూడా చెప్పింది. తోడుమనిషితో కొట్టుకు వెళ్లి, మనసు లాగే వస్తువును చేత్తో పట్టుకుని, ఆ ఆరాటం దిగేదాకా నిలబడి, తిరిగి పెట్టేయాలి. తోడు నేను. కొట్టు యజమానికి సంగతి చెబితే, మంచివాడు, ఒప్పుకున్నాడు.

ఈ రోజు ఉదయం పదకొండింటికి వెళ్లాం. యజమాని లేడు. గుమ్మం దగ్గర కొత్త కాపలామనిషి ఉన్నాడు. కోడలు పిడి పట్టుకుంది. నుదుట చెమట పట్టింది. "అత్తయ్యా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అంది. పక్కింటాయన చొక్కాకు ఒక చెయ్యి పొడుగ్గా కుట్టి, ఆయన చెయ్యే పొట్టిదని వాదించిన సంగతి చెప్పాను. కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే పిడిని అరలో పెట్టేసి బయటికి నడిచింది. 'ఇక పెట్టేయమ్మా' అని నేను అనకుండా పెట్టడం ఇదే మొదలు.

నాకు సంతోషంతో కాళ్లు నేలమీద నిలవలేదు. పందెం గెలిచినవాళ్లకు కప్పు ఇస్తారు కదా, ఈ పిడి కొని ఆమె గది తలుపుకు బిగిద్దామనుకున్నాను. సంచిలో వేసుకుని, డబ్బు కట్టడం మరిచి, ఆమె వెనకే పరిగెత్తాను.

కాపలామనిషి మొదటినుంచీ కోడలినే గమనిస్తున్నాడు. అర ఖాళీగా కనబడేసరికి "పిడి ఎవరు తీశారు?" అని అరిచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది నేను. కోడలేమో నా సంచిలోకి చూసి, పిడిని లాక్కుని, "నేనే తీశాను, ఆవిడకేం తెలీదు" అంది. "ఒసే పిచ్చిదానా, నేను కదటే!" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. జైలని తెలిసీ అంది. నాకు ఏడుపొచ్చింది.

కొట్లో కెమెరా ఉంది, చూడండి. కేసు రాస్తే నా మీద రాయండి. పిడి బహుమతిగా ఇవ్వబోయినందుకు డాక్టరమ్మ ఎటూ చీవాట్లు పెడుతుంది, అవీ పడతాను. దొంగతనం మానిన పిల్ల అబద్ధాలు మొదలుపెట్టింది. ఆ జబ్బుకు డాక్టరమ్మ అక్కర్లేదు, ఇంటికెళ్లాక నేను చూసుకుంటాను.

ఇన్‌స్పెక్టరుగారు రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, జరిగిందే ఉంది. ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం)
టీచరమ్మ అత్తగారు