లిజెట్ గురక

మాంట్రియల్. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. వంటింట్లో రేడియో. సోలెన్‌కీ ఎమరిక్‌కీ పెళ్లై ఇరవై రెండు రోజులు.

"పెంచు, పెంచు. మన పాటే."

"మనదే సోలెన్. వంటింటి రేడియోలో నీ గొంతు."

"ఉష్. పేరు చెబుతున్నాడు."

"విన్నావా, రేపు పదకొండుకి మనిద్దరినీ స్టూడియోకి రమ్మంటున్నాడు."

"ఎమరిక్."

"ఊఁ."

"పాట పేరు ఏమన్నాడు?"

"సరిగ్గా వినపడలేదు."

"నాకు వినపడింది. 'లిజెట్ గురక' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెండోసారి నవ్వాడు."

"అంటే..."

"పాట పేరు 'ఇనుప ఏప్రిల్'. నేను పెట్టిన పేరు. అందులోకి మా అమ్మ పేరెలా వచ్చింది?"

"అది ఉత్తుత్తి పేరు. పాట తయారయ్యేదాకా ఏదో ఒకటి పెట్టుకుంటాం కదా. పోయినదానికి 'తడి మేజోళ్లు' అని పెట్టలేదూ? పంపేటప్పుడు మార్చాలి."

"మరి?"

"మార్చాననుకున్నా. పెళ్లి మర్నాడు రేడియోకి పంపాను. ఆ రోజు నా బుర్ర ఎక్కడుందో నీకు తెలుసు."

"నవ్వించకు. ఒళ్లు మండిపోతోంది నాకు. మా అమ్మ గురకకీ పాటకీ ఏంటి సంబంధం?"

"చెబితే కొడతావ్."

"చెప్పకపోయినా కొడతాను."

"మొదట్లో ఒక గరగర వస్తుంది చూడు, నేల అదిరినట్టు."

"అది నీ సింథ్ కీబోర్డు కదా."

"సింథ్‌లోకి ఎక్కించాను. అసలు ముక్క మాత్రం... పోయిన ఆగస్టులో సరస్సు దగ్గర ఇంట్లో రికార్డు చేసింది. నన్ను హాల్లో సోఫా మీద పడేసి, నిన్ను తన గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంది కదా మీ అమ్మ. నేను ఇయర్ ప్లగ్గులు మర్చిపోయి వచ్చాను. అవి లేకుండా నాకు నిద్రపట్టదని తెలుసుగా. గోడ అవతల్నుంచి వచ్చింది. అంత అందమైన శబ్దం నేనెప్పుడూ—"

"ఫోన్‌లో పట్టావు."

"పట్టి, సాగదీసి, శ్రుతి బాగా దించి..."

"మా అమ్మ గురకని శ్రుతి దించావు."

"పాట నిలబడింది దానిమీదే సోలెన్."

"పాట నిలబడింది. నా కాపురం? ఇరవై రెండు రోజులకి ఆవిడ మొదటిసారి మనింటికి వస్తానంది. ఆదివారం. అందుకే కదా ఆ నాలుగు పసుపు పళ్లాలు కొన్నాను. పొద్దున్నుంచీ ఊరికే వాటినే తుడుస్తున్నాను. నిన్ను ఇంతవరకూ పేరు పెట్టి పిలవని మనిషి. 'ఆ వైర్ల అబ్బాయి' అంటుంది. ఇక జన్మలో వస్తుందా?"

"ఈ స్టేషన్ వింటుందంటావా?"

"ఆవిడ సెలూన్లో పొద్దున్నుంచి సాయంత్రందాకా మోగేది ఇదే."

"ఫోన్ మోగుతోంది."

"చూస్తున్నా. అమ్మే. స్పీకర్లో పెడుతున్నా, నీ తిట్లు నువ్వే తిను... అమ్మా, నేను చెబుతాను—"

"నువ్వాగు. ఆ వైర్ల అబ్బాయి ఉన్నాడా?"

"ఉన్నానండీ లిజెట్ గారూ. తప్పంతా నాదే. ఇప్పుడే పేరు మార్పిస్తాను."

"జుట్టుకి రంగు పూయించుకుని నలుగురు కూర్చున్నారిక్కడ. లేవలేరు, నవ్వు ఆపుకోలేరు. ముప్పై ఏళ్లుగా నా చేత జుట్టు కత్తిరించుకుంటున్న మనుషులు, 'లిజెట్, నీ గురక రేడియోలో వస్తోందే' అంటున్నారు."

"క్షమించండి."

"తర్వాత చూద్దాం. ఎక్కడ పట్టావు దాన్ని?"

"సరస్సు దగ్గర. ఆగస్టులో. మీ గదిలోంచి."

"అదే అనుకున్నా. ఆ రాత్రి నేను గదిలో లేను."

"అమ్మా?"

"పదింటికల్లా దుప్పటి పట్టుకుని వెనక తలుపులోంచి వెళ్లి కారులో పడుకున్నాను. నడుం పట్టేసింది. ఎవరి వల్లో చెప్పనా? దానికి పదేళ్లప్పటి నుంచీ అంతే. దాని చెల్లెలు పోరి పోరి గది మార్పించుకుంది."

"అమ్మా, ఫోన్ పెట్టేయ్."

"పెట్టను. రేడియో వాళ్లతో ఇప్పుడే మాట్లాడాను. రేపు వాళ్లతోపాటు మీరూ రండి అన్నారు. ఆ గురక ఎవరిదో ఊరందరికీ నేనే చెబుతాను. పదింటికి కారు తీసుకురా, అల్లుడూ. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టు. దారిలో నిద్రపోనివ్వకు."