విప్పని బోల్టు

షెడ్డులో బానెట్ ఎత్తిన పాత కారు. ఇంజను మీది మూత విప్పి పక్కన పెట్టిన మెకానిక్, కారు తెచ్చిన అల్లుడు, వద్దన్నా వెంట వచ్చిన మామ.

“ఇది ఇంజనా సార్, తారు డబ్బానా?”

“అంత... అంత ఘోరంగా ఉందా?”

“వేలు పెట్టి చూడండి. పెట్టండి, కరవదు. ఎలా సాగుతోందో చూశారా? ఆయిల్ అన్నాక కారాలి. ఈ మడ్డి కారదు, కదలదు. ఆయిల్ పైకెక్కే దారంతా పూడుకుపోయింది. అందుకే స్టీరింగు ముందు ఆయిల్ లైటు వెలిగింది, అందుకే నడిరోడ్డు మీద ఆగింది.”

“బండి నడిపింది మా అమ్మాయి, పక్కన పాప ఉందయ్యా! వెనకాలే లారీ. వాడు బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. బాగా గడ్డి పెట్టు బాబూ ఈయనకి. లాప్‌టాప్ ముందు కూర్చోవటం తప్ప మరోటి చేతకాదు మా అల్లుడుగారికి.”

“మామయ్యగారూ, ఇప్పుడెందుకు...”

“ఇప్పుడు కాక ఎప్పుడు? ముప్పై రెండేళ్లు బస్సుల కింద పడుకుని చేశాను ఈ పని. నేను చూసిన ఏ ఇంజనులోనూ మడ్డి అన్న మాట లేదు.”

“అయితే పెద్దాయనకి తెలుసు. సార్, ఆయిల్ ఎప్పుడు మార్చారు?”

“మొన్న... మొన్నే. ఆర్నెల్లకోసారి మారుస్తూనే ఉన్నాం.”

“మారుస్తూనే ఉన్నారు! ఏ షెడ్డులో?”

“ఇంట్లోనే.”

“ఇంట్లో ఎవరు?”

“అంటే... నేనే.”

“మీరు?”

“నేనే అంటున్నాగా.”

“ఆ... ఈయనే. ఈయనే బాబూ. స్పానర్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదు, తగుదునమ్మా అని...”

“పాత ఆయిల్ దేన్లోకి దించారు సార్?”

“బకెట్లోకి.”

“ఎక్కణ్ణించి?”

“కింద నుంచి. ఏదో బోల్టు ఉంటుందిగా.”

“ఉంటుంది. ఏ సైజు?”

“అది... పన్నెండు?”

“పన్నెండు! పోనీ, ఏ పక్కనుంటుంది?”

“ముందు... ముందు పక్కన.”

“రండి, వంగి చూడండి. ఇదీ బోల్టు. చుట్టూ మట్టి ఇటుకలా గట్టిపడింది. ఏళ్ల తరబడి దీనికి స్పానర్ తగల్లేదు. ఫిల్టరు కూడా తుప్పు పట్టి అతుక్కుపోయింది. మీరు మార్చలేదు సార్. పాతది దించకుండా, తగ్గినప్పుడల్లా పైనుంచి కొత్తది గుమ్మరించారు. కడగని గిన్నెలో మళ్లీ మళ్లీ పాలు పోసినట్టు.”

“పోనీలెండి, తప్పయింది. బాగు చెయ్యండి.”

“దీన్ని తప్పనరు. బద్ధకం అని కూడా అనరు. బండి కింద దూరలేనివాడు ఆ మాట చెప్పి పక్కకి తప్పుకోవాలి. మార్చేశానని అబద్ధం చెప్పి, ఇంట్లోవాళ్లని బండి ఎక్కిస్తాడా? వాడసలు మనిషేనా? పెద్దాయనా, మీరు చెప్పండి, ఏమంటారు అలాంటివాణ్ణి?”

“నేనా... నన్నెందుకు అడుగుతావు బాబూ?”

“ఏంటి, ఇందాకట్నించీ ఊదరగొట్టారు, ఇప్పుడు జారుకుంటున్నారు?”

“మామయ్యగారూ, మీరెళ్లి బయట కూర్చోండి. ఇక్కడంతా పొగ. నేను మాట్లాడతా.”

“ఉండండి అల్లుడుగారూ.”

“కూర్చోండి మామయ్యగారూ, నా మాట వినండి...”

“ఆగమన్నానా! బాబూ, ఆయన్ని అనకు. ఆ బోల్టు సైజు పందొమ్మిది. వెనకవైపు ఉంటుంది, కుడిచేతి పక్క.”

“మీకెలా...”

“ఆయిల్ మార్చేది నేను. మూడేళ్ల కిందట నడుం పట్టేసింది. కింద దూరితే మళ్లీ లేవలేను. ఆ సంగతి చెబితే ఇంక నన్ను స్పానర్ ముట్టుకోనివ్వరు. అందుకని మంచినీళ్లు తెమ్మని ఈయన్ని లోపలికి పంపి, పైనుంచి పోసేసేవాణ్ణి. చాలా? ఇప్పుడు తిట్టు. నన్ను తిట్టు.”

“మామయ్యగారూ, ఊరుకోండి. నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“బకెట్ ఎప్పుడూ పొడిగానే ఉండేది. మొదటిసారే చూశాను. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని...”

“మొదటిసారే?”

“అవును.”

“మూడేళ్ల కిందటే తెలుసా నీకు?”

“మీ పరువు పోతుందని...”

“నా పరువా! తెలిసి తెలిసీ నా కూతురి చేతికి తాళాలిచ్చావా?”