సెలెడోనియో బావ తిరుగు వందనం

ఏదీ, మళ్ళీ చదువు. ఆ ఒక్క ముక్కే, కాస్త నెమ్మదిగా. "ఒక్క చుక్క రక్తం చిందకుండా గువాం దీవి అమెరికా వశమైంది." ఊఁ. అంతేనా, ఆ పైన ఇంకేం లేదా? బాగానే ఉంది. పుస్తకాలు రాసేవాళ్ళు ఎక్కడుంటారో గానీ, మా సుమాయ్ ఊరి ఆడదాన్ని ఒక్కదాన్ని అడిగి రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేదిట? కూర్చో. బడిపంతులువయ్యావు కదా అని నా ముందు నిలబడి పాఠం చెప్పకు. వచ్చాక పెద్దదాన్నని దణ్ణంగా నా చెయ్యి ముక్కుకి ఆనించుకున్నావా? ఆనించుకున్నావులే, నేనే మర్చిపోయాను. చూడు, రేపు ఆ పిల్లలకి ఈ ముక్క చెప్పే ముందు మీ ముత్తాత సంగతి విను. సెలెడోనియో. మా ఫిలొమెనా అక్క మొగుడు, నాకు బావ. మీ తాతకి కన్నతండ్రే గానీ, మీ తాత ఆయన మొహం ఎరగడు.

బావ ఫిరంగి మనిషి. అంటే యుద్ధాలు చేశాడని కాదు, పుట్టి బుద్ధెరిగి ఒక్కడి మీదకి కాల్చి ఎరగడు. అప్పుడు మనల్ని ఏలేది స్పెయిన్ వాళ్ళు కదా, వాళ్ళ దండులో ఈ దీవిలో పుట్టిన మన చమోర్రో మగవాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళలో ఈయనది వందనాలు పేల్చే పని. ఓడ రేవులోకొచ్చి ఫిరంగి పేల్చి పలకరిస్తుంది, మనం తిరిగి పేల్చి పలకరించాలి. మన పెళ్ళికి ఒకరు పందిని తోలితే వాళ్ళింట చావుకి మనం బియ్యం మొయ్యమూ? ఇదీ అంతే. ఆ పనికి ఆయన తయారయ్యే తీరు చూడాలి. అక్క గంజి పెట్టిన తెల్ల చొక్కా, తాటాకు టోపీ, మీసానికి కొబ్బరి నూనె. "నీకు నాకంటే ఆ ఇనప ముండే ముద్దు" అని అక్క దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ కొన్నేళ్ళుగా పనే లేదు. రేవు మధ్య తిప్ప మీద కోట ఉండేదా, కోటంటే నువ్వేదో ఊహించుకోకు, అందులో పీతలు తప్ప కాపలా లేదు. ఫిరంగులు తుప్పు పట్టాయి, పేలిస్తే పేల్చినవాడే పోతాడని ముట్టుకోవద్దన్నారు. మందుగుండు ఇవ్వడం మానేశారు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, కోటా ఉంది, కోటకి జెండా ఉంది, తిరిగి పలకరించే గొంతు మాత్రం లేదు.

అలాంటప్పుడొచ్చింది ఓడ. జూన్ నెల, వాన వెలిసిన పొద్దు. ఎన్నో నెలలుగా ఓడ మొహం చూడలేదేమో, ఊరంతా ఒడ్డుకి పరిగెత్తాం. పక్కింటి ఎంగ్రాసియా అయితే సబ్బు నురగ తలతోనే వచ్చేసింది. జెండా చూడలేదా అంటావు. ఎందుకు చూడలేదు, అమెరికా జెండా. అయితే ఏం? తిమింగలాల వేటకొచ్చే అమెరికా ఓడలు మా తాతల నాటి నుంచీ తెలుసు. అమెరికా అంటే మాకు సూదులూ, దారం, సారా. తంతి లేదు, పేపరు లేదు, ఎవడు ఎవడితో కొట్టుకుంటున్నాడో చెప్పే నాథుడు లేడు. ఇంతలో ఢాం అంది. కోట దగ్గర పొగ లేచింది. మళ్ళీ ఢాం. మేం ఏం చేశామనుకున్నావు? చప్పట్లు కొట్టాం నాయనా. ఎంత పెద్ద వందనమో, ఎంత మర్యాదస్తులో అని ముసలమ్మలు మెచ్చుకుంటున్నారు. రేవు అధికారీ, డాక్టరూ, ఇద్దరూ స్పెయిన్ దొరలే, గుండీలు పెట్టుకుంటూ పడవెక్కారు. ఎందుకూ, ఓడవాళ్ళకి క్షమాపణ చెప్పుకోడానికి. మా దగ్గర మందు లేదు, అగానా పట్నం నుంచి తెప్పించి తిరుగు వందనం చేస్తాం, అంతదాకా మన్నించండి అని.

బావకి తల కొట్టేసినట్టయింది. "గుమ్మంలోకొచ్చి పలకరిస్తుంటే పలకని మూగవాళ్ళమా మనం" అన్నాడు. చర్చి పండక్కని దాచిన మందుగుండు కుండ ఆయన దగ్గరే ఉండేది, దాన్ని చంకన పెట్టుకుని దోనెలో తిప్పకి బయల్దేరాడు. సగం దూరం పోయేసరికి ఆయన పక్కనే నీళ్ళు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచాయి. మేం ఒడ్డున నవ్వుకున్నాం, బావకి స్నానం చేయిస్తున్నారని. ఆయన దోనెలో లేచి నిలబడి, టోపీ తీసి వంగాడు. తర్వాత చొక్కా విప్పి గాల్లో ఊపాడు, ఆగండి ఆగండి, వస్తున్నా, బదులిస్తా అని. ఓడ కాల్చడం ఆపింది. చూశావా, ఎంత మర్యాద అన్నాం అందరం.

దొరలు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు చెప్పాడు సంగతి. అమెరికాకీ స్పెయిన్‌కీ యుద్ధమట. మొదలై రెండు నెలలైందట. అవి వందనాలు కావట, నిజం గుళ్ళట. పలకరింపు బాగుందని చెప్పబోతే, మీరిప్పుడు మా ఖైదీలు అన్నారట వాళ్ళు, మీ పైవాళ్ళకి కబురు చెప్పమని మాట మీద వదిలారట. నా చేతులు ఇంకా చప్పట్లతో మండుతున్నాయి, ఒట్టు. అప్పుడు అక్క నా జబ్బ పట్టుకుంది. బావ ఇంకా కోటలోనే ఉన్నాడు, మందు కుండతో. ఆయన ఆ ఫిరంగి పేల్చాడంటే ఓడవాడు దాన్ని వందనమనుకుంటాడా? ఓడకి ఎదురుగా ఒడ్డునే మా ఇళ్ళు.

అక్క నిండు చూలాలు. అయినా ఇద్దరం దోనె ఎక్కాక తెడ్డు నాకివ్వలేదు. మేం వెళ్ళేసరికి బావ ఫిరంగి రంధ్రంలో తుప్పంతా గీకేసి, మందు కూరి, చెకుముకి చేతిలో పట్టుకుని ఉన్నాడు. చేతులు మసి, మొహం వెలుగు. అక్క విషయం చెప్పింది. ఆయన నమ్మలేదు. "కొట్టేవాడు ముందు చెప్పి కొడతాడు ఫిలొమెనా" అన్నాడు. పక్కన పగిలిన గుండు ముక్క ఉంది, అక్క దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత ఏమన్నాడో తెలుసా? అయితే ఇప్పుడు తప్పకుండా పేల్చాలి, నేను రాజుగారి సిపాయిని అన్నాడు.

"ఏ రాజు?" అంది అక్క. "యుద్ధం జరుగుతోందని రెండు నెలల్లో నీకు కబురైనా పంపని రాజా? నువ్వు ఉన్నావని తెలియనివాడి కోసం ఊరిని తగలబెడతావా?"

బావ చెకుముకి కింద పెట్టాడు. కుండలో మిగిలిన మందు అక్కే సముద్రంలో పారబోసింది. ఆయన వద్దనలేదు.

మర్నాడు స్పెయిన్ వాళ్ళని పీటి రేవు దగ్గరికి పిలిచి తుపాకులు లాక్కున్నారు. మన సిపాయిల తుపాకులు కూడా తీసుకుని, మీరు ఇళ్ళకి పొండి అన్నారు. వింటే నవ్వొస్తుంది, మనవాళ్ళు చొక్కాలకున్న స్పెయిన్ గుండీలు పీకి అమెరికా సిపాయిలకి గుర్తుగా ఇచ్చారు, సంబరంగా. అంతలో కోట మీద వాళ్ళ జెండా ఎత్తి నిజం వందనం పేల్చారా, సుమాయ్‌లో మేం మంచాల కింద దూరాం. గుళ్ళకి చప్పట్లు, వందనానికి మంచాల కింద. మా తెలివి అలా ఏడ్చింది. ఆ, ఎక్కడున్నాను? పీటి. అక్కడ స్పానిష్ వచ్చిన ఓడ మనిషొకడు బావని గుర్తుపట్టాడట. వాడు భుజం తట్టి, "నువ్వేగా దోనెలో తెల్ల చొక్కా ఊపి మొట్టమొదట లొంగిపోయింది? మంచి పని చేశావు, నిన్ను చూసే కాల్పులు ఆపాం" అన్నాడట. అందరి ముందూ. నవ్వుతూ, మెచ్చుకోలుగానే. బావ నోరు తెరిచేలోపు వాడు పడవెక్కేశాడు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మీసం దిగిపోయింది. "వందనం చేశానే నేను" అని ఒకటే మాట. అప్పటికే ఊళ్ళో కుర్రకుంకలు దీవిని చొక్కాతో అమ్మేశాడని కూతలు మొదలెట్టారు. తెల్లారి ఓడ పొగ వదులుతోంది, దొరలందర్నీ ఎక్కించుకుని వెళ్ళిపోతోంది. అక్క వాకిట్లో సీమపనస కాలుస్తోంది. బావ దోనె నీళ్ళలోకి తోశాడు. ఎక్కడికంటే, "ఓడ దగ్గరికే. లొంగిపోలేదని ఒక్క మాట చెప్పి వచ్చేస్తా" అన్నాడు.

నేను ఆపమన్నాను. అక్క ఆపలేదు. "మొన్న ఒకసారి ఆపాను. మళ్ళీ మళ్ళీ ఆపితే ఆయనింకేం బతుకుతాడే" అంది.

పగడపు దిబ్బ సందు దాటి నడిసముద్రంలోకి పోవడం చూశాం. ఓడ ఆగలేదు. ఆయనా ఆగలేదు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మనవాళ్ళు దోనెలేసుకుని మూడు వైపులా వెతికారు. తెడ్డు కూడా దొరకలేదు. శవం లేకుండానే తొమ్మిది రోజులు జపం చేశాం. ఆ నెలలోనే మీ తాత పుట్టాడు.

చదివినవాడివి కదా, నువ్వు చెప్పు. ఆ ఓడ వెనక భాగాన నిలబడి ఎవడో ఒకడు ఆయన్ని చూసే ఉంటాడు. ఒక్కడే దోనెలో లేచి నిలబడి చేతులూపుతూ అరుస్తున్నవాణ్ణి. ఏమనుకుని ఉంటాడు? సాగనంపడానికి వచ్చాడనుకుని ఉంటాడు. వాడూ చెయ్యి ఊపే ఉంటాడు నాయనా.

ఆ సున్నం డబ్బీ ఏదీ, నీ పక్కనే ఉన్నట్టుంది, ఇటివ్వు.