పెద్దది ఒకటా, చిన్నవి రెండా

సోమవారం ఉదయం పదకొండింటికి అక్కాచెల్లెళ్ళు నడిపే డీటీపీ షాపులో మానిటర్ కాలిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ కంప్యూటర్లు అమ్మే కొట్టులో ఉన్నారు. పెద్ద మానిటర్ ఒకటి కొనాలని అక్క అంది. అదే ధరకు చిన్నవి రెండు వస్తాయని చెల్లెలు అంది. రెండు రకాలూ దించి చూపిస్తానని కొట్టాయన పైఅంతస్తుకు వెళ్ళాడు.

"రెండే ఎందుకంటున్నావో చెప్పు."

"చెప్పానుగా అక్కా."

"మళ్ళీ చెప్పు."

"ఒకటి నా ముందు, ఒకటి నీ ముందు. నేను టైపు కొడుతుంటే నీకూ అక్కడ కనబడుతుంది. నా కుర్చీ వెనక నిలబడి తప్పులు పట్టక్కర్లేదు. కూర్చుని పట్టు."

"ఇన్నేళ్ళూ నిలబడే పట్టాను. ఇప్పుడు కొత్తగా నా కాళ్ళ మీద జాలి పుట్టిందా?"

"నీ కాళ్ళ మీద కాదు, నా చెవి మీద. దీర్ఘం, దీర్ఘం అని రోజంతా అందులోనే అరుస్తావు."

"రెండైతే విడదీయొచ్చు."

"ఏంటీ?"

"ఒకటి షాపులో ఉంటుంది. ఇంకోటి ఎక్కడికైనా పోతుంది. పెద్దదైతే రెండు ముక్కలు చెయ్యలేం కదా."

"ఎక్కడికి పోతుంది? దానికేమైనా కాళ్ళున్నాయా?"

"నీకున్నాయి."

"అడిగేదేదో సూటిగా అడుగు."

"ఇందాక కొట్టాయన్ని ఏమడిగావు? డబ్బా స్కూటర్ ముందు పడుతుందా అని కదూ?"

"అవును. పోయినసారి ఆటోలో తెస్తే మూల పగిలింది. ఆ మూలకొచ్చిన అక్షరాలు ఏమై ఉంటాయా అని నెలరోజులు ఊహించుకుంటూ కొట్టాను. మర్చిపోయావా?"

"కొత్త కీబోర్డు ఎందుకు కొన్నావు?"

"పాతదాని మీద టీ ఒలికింది."

"ఎవరు ఒలికించారు?"

"నువ్వే."

"సరే. శుక్రవారం ఫోనొస్తే బయటికెళ్ళి మాట్లాడావు. నేను తలుపు దగ్గరికొస్తే వీపు తిప్పేసుకున్నావు."

"ఆత్మకథ టైపు చెయ్యమని ఇచ్చారు చూడు, ఆ జడ్జిగారు. ఆయనకి చెవుడక్కా. నేను షాపులో అరిస్తే, జిరాక్సుకి వచ్చినవాళ్ళంతా ఆయన ఇంటి గొడవలు వినాలి. అందుకని వీధిలోకెళ్ళి అరిచాను."

"వీధిలో మనుషులుండరా?"

"ఉంటారు. షాపులో కాయితాల మీదున్న ఆయన పేరు వాళ్ళకి కనబడదు."

"అన్నిటికీ జవాబు తయారుగా పెట్టుకున్నావు."

"జరిగింది చెప్పడానికి తయారవడం ఎందుకు?"

"మరి మీ ఆయన? మొన్నొచ్చి మన టేబుల్ ఎంతకు కొన్నారని అడిగాడు. ఎందుకడిగినట్టు?"

"ఆయన బస్సులో పక్కవాడి చెప్పులు కూడా ఎంతకు కొన్నారని అడుగుతారు."

"మాట మార్చకు. నిన్ను ఎవరూ పిలవలేదా?"

"ఎవరు పిలుస్తారు? ఎక్కడికి?"

"వేరే ఎవరైనా. వేరే షాపువాళ్ళు."

"లేదు."

"నీకై నువ్వు షాపు పెట్టుకోవాలనీ లేదా?"

"లేదంటున్నానుగా."

"ఉంటే చెప్పు. నేనేం అడ్డుపడను. నాకు కోపం కూడా రాదు."

"అక్కా, నన్ను వెళ్ళమంటున్నావా, వద్దంటున్నావా?"

"ఊరికే అడుగుతున్నాను."

"పొద్దున్నుంచి ఊరికే అడుగుతూనే ఉన్నావు. ఇప్పుడు నేనడుగుతాను. పెద్దదే ఎందుకు?"

"కళ్ళకి హాయిగా ఉంటుంది."

"నిన్న రోడ్డవతల వెళ్ళే బస్సు నంబరు చదివావు."

"దూరంవి కనబడతాయి. దగ్గరవి కనబడవు."

"కళ్ళజోడు పెట్టుకో. పెద్దది మన టేబుల్ మీద పట్టదక్కా. ప్రింటర్ ఎక్కడ పెడతావు?"

"కింద పెడదాం."

"కింద కాయితాల కట్టలున్నాయి."

"కట్టలు మూలకి సర్దుదాం."

"మూలలో జిరాక్సు మిషనుంది. పోనీ ప్రింటర్ నా నెత్తిన పెట్టు. కిటికీ మాటేమిటి? అంత మానిటర్ అడ్డం పెడితే రెక్క తెరుచుకోదు. ఎండాకాలం అందులో ఉడికిపోతాం."

"అక్కడ కిటికీ లేదుగా."

"ఎక్కడ?"

"అదే. గోడకి."

"టేబుల్ వెనక గోడకి కిటికీ ఉందక్కా. పొద్దున్నే వచ్చి తీసేది నువ్వే. సాయంత్రం వేసేదీ నువ్వే."

"పొరపాటున అన్నాను."

"నువ్వా? ఒక్క దీర్ఘం పోతే పేజీ మొత్తం మళ్ళీ తీయించే మనిషివి నువ్వు. పొరపాటున కిటికీ పోగొడతావా? ఏ గదికి కొలిచావు?"

"మెల్లగా మాట్లాడు. కొట్టాయన వింటాడు."

"ఆయన పైన ఉన్నాడు. ఏ గదక్కా?"

"ప్రెస్సు వెనక గది."

"ఏ ప్రెస్సు? మన పుస్తకాలు అచ్చువేసేదేనా?"

"అదే. ప్రెస్సాయన పిలిచాడు. గది ఇస్తానన్నాడు. పని కూడా తనే ఇస్తాడట. బడి పుస్తకాలు, ఏడాది పొడుగునా ఉంటాయి. మానిటర్ ఒక్కటీ నన్ను తెచ్చుకోమన్నాడు."

"బావకి తెలుసా?"

"మీ బావే వెళ్ళి మాట్లాడొచ్చారు."

"అమ్మకి?"

"అమ్మకి చెప్పాను."

"అమ్మకి కూడా చెప్పావు."

"నీతో అనొద్దన్నాను. నేనే చెబుదామని."

"ఎప్పుడు చెబుదామని? నన్ను పట్టుకుని ఎక్కడికెళ్తున్నావు, ఎవరు పిలిచారు అని పీక్కుతింటున్నావే, అదేనా చెప్పడం?"

"నువ్వే వెళ్ళిపోతున్నావేమో అనుకున్నాను. కీబోర్డు కొన్నావు. ఫోన్లు బయట మాట్లాడుతున్నావు. నువ్వు ముందు బయటపడితే నేను చెప్పాల్సిన పని ఉండదు కదా అని."

"నేను వెళ్తానంటే నీకు బాగుండేదన్నమాట."

"తేలికయ్యేది."

"వెళ్ళడం ఎప్పుడు?"

"ఒకటో తారీఖు."

"సగంలో ఉన్న జడ్జిగారి పుస్తకం?"

"నువ్వు కొట్టి పంపిస్తే అక్కడ్నించి చూసిస్తాను."

"ఆ గది ఎంతుంటుంది?"

"చిన్నదే."

"ఎన్ని కుర్చీలు పడతాయి?"

"ఒకటి."

"ఇదిగోనమ్మా, రెండు రకాలూ దించాను. మీరు మాట్లాడుకోవడం అయిందా, ఇంకా తేలలేదా?"

"తేలిందండీ. చిన్నది ఒకటివ్వండి."

"ఒకటేనా? ఇద్దరికీ చెరొకటి అన్నారు కదమ్మా."

"ఒకటి చాలు."

"మరి ఈ పెద్దది పైకి పంపించెయ్యనా?"

"వద్దండీ. అది ఆవిడ విడిగా తీసుకుంటారు."